జపాన్ కెటిలు, జర్మనీ కప్పులు

ఎల్బీనగర్‌లో ఒక చర్చి హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఒక బొమ్మ టీ సెట్టు పెట్టారు. దాని ముందు నిలబెట్టిన అట్టముక్క మీద నేను చెప్పిన మాటలు రాశారు. "పిల్లల ఆట టీ సెట్టు. జపాన్ తయారీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలం. బజారు సరుకు." చాలామంది ఆ అట్ట చదివారు. కొందరు ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. అందులో రాసింది తప్పు. ఆ తప్పు అట్ట రాసినవాళ్ళది కాదు, నాది. చదివినవాళ్ళలో ఎంతమందికి ఇది చేరుతుందో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక సందులో నాకు సామాన్ల దుకాణం ఉంది. చైతన్యపురి హాస్టళ్ళలో చేరే పిల్లలు బకెట్టు, మగ్గు, స్టీలు ప్లేటు, ఫ్లాస్కు కొనుక్కోవడానికి వస్తారు. కోచింగులు మొదలయ్యే రోజుల్లో ఊపిరాడదు. తక్కిన రోజుల్లో ఈగలు తోలుకోవడమే. మా నాన్న నల్గొండ పల్లె నుంచి వచ్చి పెట్టిన దుకాణం అది. ఆయన కాలంలో పింగాణీ ఎక్కువగా అమ్మేవాళ్ళం. ఇప్పుడు ఒక అర మాత్రం ఉంది.

చాలా ఏళ్ళ కింద కోఠీలో మూతబడుతున్న ఒక గిఫ్టు దుకాణం నుంచి మిగిలిన సరుకు తెచ్చుకున్నాను. అడుగున చెప్పుల డబ్బాలో, ఎండుగడ్డిలో చుట్టి, వేలెడంత కప్పులు, సాసర్లు, కెటిలు కనిపించాయి. పిల్లలు ఆడుకునే టీ సెట్టు. ఎక్కడిదో, ఎప్పటిదో తెలుసుకుందామనిపించింది. ఆ కుతూహలం మెల్లగా అలవాటైంది. ఫోన్లో పాత పింగాణీ పిచ్చివాళ్ళ గుంపులు ఉంటాయి. వాటిలో చేరాను. గురువారాలు పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారు తిరిగాను. కొన్నాళ్ళకు మనుషులు నన్నే అడగడం మొదలుపెట్టారు. ఎవరో మామ్మ పెట్టెలో దొరికిందనీ, పాత ఇల్లు కూలుస్తుంటే దొరికిందనీ ఫొటోలు పంపేవారు. నేను చెప్పేవాణ్ణి. పక్క దుకాణం బట్టలాయన పొద్దున్నే షట్టరు లేపుతూ, "ఏమన్నా, ఇయ్యాల ఎవరి కప్పు బోర్లేస్తున్నవ్?" అని నవ్వేవాడు. నాకు ఆ మాట నచ్చేది కూడా.

ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. వస్తువును తిప్పి అడుగు చూడాలి. అడుగున ముద్ర ఉంటే సగం పని అయిపోయినట్టే. జపాన్ సరుకు మీద మరీ పాత రోజుల్లో 'నిప్పాన్' అని ఉండేది. తర్వాత 'జపాన్' అని, 'మేడ్ ఇన్ జపాన్' అని వేశారు. యుద్ధంలో ఓడాక ఆ దేశం పరాయివాళ్ళ చేతిలో ఉన్న కొన్నేళ్ళు 'ఆక్యుపైడ్ జపాన్' అని వేశారు. ఆ ముద్ర ఉంటే కాలం చెప్పడం చిన్నపిల్లల పని. జర్మనీవాళ్ళు బొమ్మ సెట్ల మీద తరచుగా పేరే వేసేవాళ్ళు కాదు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడు అడుగున ఒక అంకె నొక్కేవాళ్ళు. పైన మెరుపుపూత పడ్డాక అది సరిగా కనబడదు, గోటితో తడిమితే తెలుస్తుంది. ముద్ర లేకపోతే మిగిలినవి చూడాలి. కెటిలు ముక్కు కింద అచ్చు అతుకు గీత కనబడుతుందా, అరగదీశారా. టార్చి లైటు లోపల పెడితే వెలుతురు ఏ రంగులో బయటికొస్తుంది. భూతద్దంలో పువ్వు ఎట్లా ఉంది. కుంచెతో వేసినదైతే గీత మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంటుంది. అతికించిన అచ్చుబొమ్మ అయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. చుక్కలు వరుసకట్టి నిలబడితే కొత్తది, ఇష్టమొచ్చినట్టు చెదిరి ఉంటే పాతది. అంచు మీది బంగారు గీత ఎక్కడ అరిగిందో కూడా చూడాలి. ఆడుకున్న సెట్టుకు పిడి దగ్గరా, పెదవి తగిలే చోటా అరుగుతుంది. అల్మారాలో నిలబడ్డ సెట్టుకు అరగదు.

ఇవన్నీ నాకు తెలుసు. అయినా రోజూ చేసే పనిలో మనిషి దగ్గరిదారి వెతుక్కుంటాడు. నేను కెటిలు ఒక్కటే చూసేవాణ్ణి. కప్పులు మరీ చిన్నవి, వాటి అడుగున ముద్ర వేయడానికి చోటుండదు. సెట్టుకంతా ఒకే ముద్ర, అది కెటిలుకో చక్కెర గిన్నెకో ఉంటుంది. కెటిలు చెప్పిందే సెట్టు చెప్పినట్టు. ఎప్పుడూ అలాగే చేశాను. ఎప్పుడూ ఎవరూ తప్పన్లేదు.

ఆ టీ సెట్టు తెచ్చిన అక్క నాకు మా ఆవిడ వల్ల తెలుసు. ఎల్బీనగర్‌లో ఒక సందులో కిరాయి ఇంట్లో ఉండి బ్లౌజులు కుడుతుంది. మా ఆవిడ బ్లౌజులన్నీ ఆమే కుట్టేది. అరవై దాటింది. నన్ను తమ్మీ అని పిలుస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం స్టీలు డబ్బా ఒడిలో పెట్టుకుని ఆటోలో వచ్చింది. కౌంటరు మీద పెట్టి మూత తీసింది. ఒక్కో కప్పు, ఒక్కో సాసరు రంగురంగుల బ్లౌజు ముక్కల్లో చుట్టి ఉన్నాయి.

"నువ్వు గీ పాత కప్పులు చూసి ఎప్పటివో చెప్తవంట గదా తమ్మీ. ఇవి మా అమ్మయి. జర చూడు."

"ఎక్కడియక్కా ఇవి?"

"మా ఊరి మిషన్ దవాఖానల దొరసాని డాక్టరమ్మ ఉండె. మా అమ్మ ఆమె కాడ ఆయా. ఆమె చిన్నప్పుడు ఆడుకున్నయంట, వాళ్ళ దేశం పోయేటప్పుడు మా అమ్మకు ఇచ్చింది."

"ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు పనిబడ్డది?"

అక్క కప్పుల మీది గుడ్డలన్నీ విప్పింది. తర్వాత చెప్పింది. వాళ్ళ చర్చికి పండుగ వస్తోంది. పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు తమ ఇళ్ళలోని పాత వస్తువులు తెచ్చి హాల్లో పెడుతున్నారు. ఆ సంఘంలో సగం మంది వాళ్ళ ఊరివాళ్ళే.

"మా అమ్మ గివి దొరసాని ఇంట్ల ఎత్కొచ్చిందనేటోళ్ళు ఉన్నరు తమ్మీ. అమ్మ పోయి ఇన్నేండ్లయినా ఇంక అంటనే ఉన్నరు. మొన్న మీటింగ్ల గూడ ఒకామె అన్నది. పాస్టర్‌గారు ఏమన్నడంటె, ఎరుకున్నోళ్ళతోని చూపియ్యి, దొరసాని కాలందే అని తేలితె 'డాక్టరమ్మ ఇచ్చింది' అని మీ అమ్మ పేరుతోని రాసిపెడ్తమన్నడు. ఒక్కసారి అందరి ముంగట అట్ల రాసి ఉంటె ఇగ ఎవ్వలు అనరు."

ఆమెకు కావలసింది అంతే. తల్లి పేరు, ఇచ్చింది అనే మాట.

నేను కెటిలు చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. నీలంపూల తీగ, బంగారు గీత. ముక్కు కింద అతుకు గీత స్పష్టంగా కనబడుతోంది. తిప్పాను. అడుగున ఎర్రటి రబ్బరు ముద్ర. మేడ్ ఇన్ జపాన్. ఆ ముద్ర అక్షరాల తీరు నేను ఎన్నోసార్లు చూసిందే. యుద్ధం అయిపోయాక చౌకగా గుట్టలకొద్దీ వచ్చిన సరుకు.

"కప్పులు చూడు తమ్మీ. కెటిల్ చూడకు," అంది అక్క.

"కప్పులకు ఏముండదక్కా. ముద్ర కెటిల్‌కే ఉంటది."

"అది కాదు, కెటిల్ ఏందంటె..."

అప్పుడే హాస్టలు ఆడపిల్లలు గుంపుగా వచ్చారు. బకెట్లు ఏ రంగులో ఉన్నాయనీ, తాళంకప్పలు ఉన్నాయా అనీ అడిగారు. నేను అటు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చెప్పాల్సింది నా నోట్లో సిద్ధంగా ఉంది. ఆమె చెప్పబోయింది ఏమిటో నేను అడగలేదు.

"ఇది దొరసాని సెట్టు కాదక్కా. ఆమె చిన్నప్పటిది అసలే కాదు. జపానోళ్ళు బజార్ల అమ్మనీకి చేసింది. మీ అమ్మనో నాన్ననో ఎక్కడన్నా కొనుంటరు. ఒక లెక్కకు మంచిదే కదా, ఎత్కొచ్చిందన్న మాట పోతది."

నేను నిజంగా అలాగే అనుకున్నాను. మేలు చేశాననుకున్నాను.

అక్క "గట్లనా" అంది. కప్పులు మళ్ళీ గుడ్డముక్కల్లో చుట్టింది. చుడుతున్నప్పుడు ఒక్కో ముక్క ఏ కప్పుదో ఆమెకు తెలుసు, తడుముకోలేదు. డబ్బా మూసి వెళ్ళిపోయింది.

రెండ్రోజులకు పాస్టర్‌గారు ఫోన్ చేశారు. ఆయనది గుంటూరు వైపు. మర్యాదస్తుడు. "ఆమె మీరు చెప్పింది చెప్పిందండి. దాచలేదు. నేను ఒకసారి మీ నోట వినాలని. ఖచ్చితమేనా అండీ?"

"ఖచ్చితం సార్. అడుగున ముద్ర ఉంది."

"అయితే మీరు చెప్పినట్టే రాయిస్తానండి. దేవుని ఇంట్లో అబద్ధం రాయకూడదు కదా."

ఆయన అన్నది సబబే. నేను చెప్పిన మాటలు ఆయన రాసుకున్నారు.

ప్రదర్శన రోజు మా ఆవిణ్ణి తీసుకుని వెళ్ళాను. నా మాటలు అట్ట మీద చూసుకోవాలని ఉండింది. అది ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు కూడా వేయడం లేదు. హాల్లో పాత బైబిళ్ళు, తోలు తిత్తి చిరిగిన హార్మోనియం, కంచు గంట, పల్లె చర్చి ముందు నిలబడ్డ మనుషుల ఫొటోలు ఉన్నాయి. చివర టీ సెట్టు. అక్క గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మంచి చీర కట్టుకుంది.

ఇద్దరు ఆడవాళ్ళు అట్ట చదివారు. ఒకామె రెండోసారి చదివి పక్కామెతో అంది, "ఓసినీ, బజారుదంట. ఇన్నేండ్లు దొరసాని ఇచ్చిందని ఒకటే గొప్పలాయె."

"ఎత్కొచ్చుడు గాదు, కొన్నుడు. ఎత్కొచ్చిందన్నదే నయముండె," అంది రెండో ఆమె. ఇద్దరూ నవ్వారు. పెద్ద నవ్వు కాదు. పక్కనున్న కంచు గంట దగ్గరికి జరిగారు.

అక్క విన్నది. చేతిలోని ప్రోగ్రాం కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ ఉంది. మా ఆవిడ ఆమె పక్కన కూర్చుంది. నాకు ఎవరో కాగితం కప్పులో టీ ఇచ్చారు. తాగాను. అట్టలో అక్షరదోషం ఒకటి కనిపించింది. దాన్ని గురించే ఆలోచించాను, ఇంటికి వచ్చేదాకా.

తర్వాత కొన్ని నెలలు గడిచాయి. అక్క మా ఇంటి బ్లౌజులు కుట్టడం మానలేదు. ఆ చర్చికి వెళ్ళడం మాత్రం మానేసిందని మా ఆవిడ చెప్పింది. సైదాబాద్‌లో ఎవరి ఇంట్లోనో ప్రార్థన జరుగుతుంది, అక్కడికి వెళ్తోందట. టీ సెట్టు తీసుకెళ్ళమని పాస్టర్‌గారు కబురు చేస్తే "ఆడనే ఉండనీ" అందట. చర్చి అల్మారాలో పెట్టేశారు.

"ఆమె నిన్నేమన్న అన్నదా?" అని అడిగాను.

"నిన్నా? నీ పేరే ఎత్తలే," అంది మా ఆవిడ.

అది విన్నాక నాకు ఏమీ అనిపించలేదు. కంచంలో మిగిలిన అన్నం తినేశాను. ఎవరైనా తిడితే సమాధానం చెప్పుకునేవాణ్ణేమో. ఎవరూ తిట్టలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒకావిడ దుకాణానికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తుర్కయంజాల్ నుంచి వచ్చానంది. కొడుకు పెళ్ళికి వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి స్టీలు డబ్బాలు కావాలి. బేరం అయ్యాక, నేను డబ్బాలు కట్టిస్తుంటే, అద్దాల అల్మారా దగ్గర నిలబడి నా బొమ్మ సెట్లు చూసింది.

"గిసొంటి కెటిల్ మా ఇంట్ల ఒకటున్నది. మా అమ్మమ్మది. మా చిన్నమ్మే మీ దగ్గర కొనుమని పంపింది. ఎల్బీనగర్ల బ్లౌజులు కుడ్తది, ఎరుకేనా మీకు?"

ఎరుకేనన్నాను. అక్క నా దగ్గరికి మనిషిని పంపిందన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆ తర్వాతే కెటిలు మాట నా బుర్రకెక్కింది.

"ఆ కెటిల్ మీ ఇంట్ల ఎందుకుంది? అదిప్పుడు చర్చిల ఉంది కదా, సెట్టుతోని?"

ఆవిడ నవ్వింది. "చర్చిల ఉన్నది అది కాదు సార్. అసలు కెటిల్ నా దగ్గరున్నది. నా బాప్తిస్మం నాడు అమ్మమ్మ నాకు ఇచ్చింది."

ఆ వాన రోజు దుకాణంలో నిలబడి ఆవిడ చెప్పింది ఇది. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇప్పించిన రోజు, అమ్మమ్మ ఆ బొమ్మ సెట్టులోంచి ఒక వస్తువు తీసి, అందులో తేనె కలిపిన నీళ్ళు పోసి, బిడ్డ పెదవులకు అంటించేది. ఆ వస్తువు ఇక ఆ బిడ్డదే, ఆ బిడ్డ ఇంటికి వెళ్ళిపోతుంది. మొదటి మనవరాలికి కెటిలు ఇచ్చింది. తర్వాత పుట్టినవాళ్ళకు చక్కెర గిన్నె, పాల గిన్నె, ఒక్కో కప్పు. ఇచ్చిన ప్రతిసారీ పట్నంలో జుమ్మేరాత్ బజారుకు వెళ్ళి, ఇచ్చినదానికి పోలిన వస్తువు వెతికి తెచ్చి ఖాళీలో పెట్టేది. సెట్టు బోసిగా ఉంటే తర్వాతి బిడ్డకు ఏమిస్తామని.

"మా చిన్నమ్మ చిన్నది గదా. మిగిలిన సెట్టు ఆమెకొచ్చింది. అందుల సగం బజారువే. మాకందరికి ఎరుకే."

వాళ్ళ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. అది చెప్పాల్సిన సంగతి అని వాళ్ళకు తోచదు. వాళ్ళకు సెట్టు అంటే అమ్మమ్మ చేతుల్లో నిండుతూ వచ్చినది. నాకు సెట్టు అంటే ఒక కార్ఖానాలో ఒకసారి తయారైనది. కెటిలు చూడకు అని అక్క నాకు చెప్పింది.

మర్నాడు దుకాణం మూసి తుర్కయంజాల్ వెళ్ళాను. సాగర్ రోడ్డు మీద బస్సు దిగి వాళ్ళ ఇల్లు అడుగుతూ పోయాను. కెటిలు టీవీ పక్కన ఉంది. అందులో ప్లాస్టిక్ పువ్వు ఒకటి గుచ్చారు. పువ్వు తీసి నా చేతికిచ్చారు. పట్టుకోగానే బరువు తెలిసింది. మట్టి గట్టిగా, తెల్లగా, చల్లగా ఉంది. ముక్కు కింద అతుకు గీత కోసం వెతికితే దొరకలేదు, ఎవరో ఓపిగ్గా అరగదీశారు. అదే నీలంపూల తీగ, కానీ భూతద్దంలో చుక్కలు ఇష్టమొచ్చినట్టు చెదిరి ఉన్నాయి. మూత మీది బొడిపె దగ్గర బంగారం పూర్తిగా అరిగిపోయింది. ఎవరో చిన్నపిల్ల దాన్ని పట్టుకుని మూత తీస్తూ పెడుతూ ఎన్ని మధ్యాహ్నాలు ఆడుకుందో. తిప్పి, అడుగున గోటితో తడిమాను. అంకె ఉంది.

జర్మనీ. యుద్ధానికి ముందుది. ఒక డాక్టరు తన చిన్నతనపు ఆటవస్తువును పెట్టెలో పెట్టుకుని ఇంత దూరం తెచ్చుకున్నదంటే ఆ కాలానికి సరిగ్గా సరిపోతుంది.

"ఏమైంది సార్?" అంది ఆవిడ.

"ఏం లేదమ్మా. మీ చిన్నమ్మ చెప్పింది నిజం."

"నిజం కాకపోతె మరేంది?" అంది, అర్థంకానట్టు.

పాస్టర్‌గారిని అడిగి చర్చి అల్మారా తీయించాను. అక్కడున్న జపాన్ కెటిలును పక్కకు పెట్టి, ఈసారి కప్పులు చూశాను. చాలావరకు జపాన్‌వే. మూడు కప్పులు, రెండు సాసర్లు మాత్రం బరువుగా ఉన్నాయి. ఆ కప్పుల అడుగున, కప్పు నిలబడే గుండ్రటి అంచు లోపల, పూత కింద, తుర్కయంజాల్ కెటిలు మీదున్న అంకే ఉంది. వేలికి తగిలింది. అక్క దుకాణంలో కూర్చుని చూడమన్నవి ఇవే. ఆ రోజు అవి నా చేతికి జానెడు దూరంలో ఉన్నాయి.

పాస్టర్‌గారు ఒక కప్పు తీసి తనూ అడుగు తడిమి చూశారు. "ఇప్పుడు ఏం చేద్దామంటారండి? ప్రదర్శన అయిపోయింది. అట్టలు పారేశాం."

"ముందు ఆమెకు చెప్పాలి సార్."

అక్క కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. నేను చెబుతుంటే కుట్టు ఆపలేదు, బ్లౌజు చేతి అంచు దగ్గరికి వచ్చాక దారం తెంపింది.

"నేను చెప్పిన గదా తమ్మీ."

"చెప్పినవక్కా."

"నువ్వు ఇనలే."

"ఇనలే."

ఆమె ఇంకో చేతి ముక్క తీసుకుంది. "నాకు చెప్తె ఏమొస్తది. నాకు ఎరుకే. అట్ట సదివినోళ్ళు ఆడున్నరు."

"వాళ్ళకు చెప్తా. నువ్వు గూడ రా."

చాలాసేపు మిషను నడిచింది. "సరే," అంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. జబ్బు నయమైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి నిలబడి చెబుతారు. ఆ సమయంలో పాస్టర్‌గారు నన్ను పిలిచారు. నేను ఆ మతంవాణ్ణి కాదు. ఎప్పుడూ మైకు పట్టుకున్నవాణ్ణీ కాదు. మొదట్నుంచీ చెప్పాను. కెటిలు మాత్రమే చూశానని, కప్పులు చూడమంటే చూడలేదని, ఆ కప్పులు జర్మనీవని, యుద్ధానికి ముందువని, ఆ డాక్టరమ్మ కాలానికి చెందినవేనని, అక్క తల్లి అబద్ధం చెప్పలేదని. కరెంటు బిల్లు చదివినట్టు చదివాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో అక్క తల వంచుకుని ఉంది. తర్వాత ఒకతను లేచి తన కూతురికి సీటు వచ్చిందని చెప్పాడు. దానికీ స్తోత్రం అన్నారు.

ఆరాధన అయ్యాక ఆవరణలో టీ, బిస్కెట్లు ఇచ్చారు. అక్క వాళ్ళ ఊరి ముసలామె ఒకరు, ఎనభై పైబడినామె, కర్ర పక్కన ఆనించి కుర్చీలో కూర్చుని ఉంది. అక్కకు పెద్దమ్మ వరుస. మేమిద్దరం ఆమె ముందు నుంచి వెళ్తుంటే పిలిచింది.

"ఏం బిడ్డా, మీ తమ్ముడు మంచిగ చెప్పిండు. అయితె దొరసానియే అన్నట్టు అవి."

"అవును పెద్దమ్మా."

"నేను మొదట్నించి అంటనే ఉంటి గదా దొరసానియని. బజారుదని రాస్తె నాకే నమ్మబుద్ధి కాలే." ముసలామె బిస్కెట్టు టీలో ముంచింది. "గందుకే మీ అమ్మ ఎత్కొచ్చిందని నేనన్న. బజారుదైతె గట్ల ఎందుకంట?"

చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు ఇటు చూశారు. పింగాణీ గురించి నాకు తెలిసింది అంతా వాడేశాను. ఎక్కడ పుట్టిందో చెప్పగలను, ఎప్పుడు పుట్టిందో చెప్పగలను. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎలా వెళ్ళిందో ఏ అడుగునా రాసి ఉండదు. ఆమె తల్లి పేరును బాగుచేస్తానని వచ్చి, పాత మాటను మళ్ళీ లేపి నిలబెట్టాను.

అక్క వైపు తిరిగాను. మొదటి రోజు అడగాల్సింది అప్పుడు అడిగాను.

"అక్కా, ఆమె ఇచ్చిననాడు నువ్వున్నవా?"

"ఉన్న," అంది. "ఎవ్వలు అడగలే."

ముసలామె, "గప్పుడు నువ్వెంత బిడ్డా, గింత పోరివి. నీకేం గుర్తుంటది," అంది.

"గుర్తున్నది పెద్దమ్మా."

అక్క టీ గ్లాసు కుర్చీ కింద పెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. నమ్మడం నమ్మకపోవడం చదివినవాళ్ళ ఇష్టం. నేను నమ్ముతున్నాను. నా నమ్మకానికి అడుగున ముద్ర లేదు.

"జీపుల సామాను ఎక్కిస్తున్నరు. మా అమ్మ ఏడుస్తున్నది. డాక్టరమ్మ ఏడుస్తలేదు, ఆమె ముక్కు ఎర్రగున్నది. నన్ను దవాఖాన మెట్ల మీద కూసుండబెట్టి, గీ కప్పుల డబ్బా నా ఒళ్ళె పెట్టింది. మా అమ్మ 'వద్దమ్మా, పోరి పలగ్గొడ్తది' అన్నది. 'పలగ్గొట్టనీ, నేను గూడ పలగ్గొట్టిన' అన్నది డాక్టరమ్మ, వచ్చీరాని తెలుగుల. తనే ఒక కప్పు తీసింది. కుండల నీళ్ళు కెటిల్ల పోసి, కెటిల్ల నుంచి కప్పుల పోసింది, మంచిగ సాసర్ల పెట్టి నాకిచ్చింది. తను ఒక కప్పు పట్టుకుంది, మా అమ్మకొకటి ఇచ్చింది. మా అమ్మ ఎన్నడు ఆమె ముంగట కూసోలే. గానాడు మెట్ల మీద కూసుంది. ముగ్గురం తాగినం. డ్రైవరు హారను కొడ్తున్నడు. ఉత్త నీళ్ళే పెద్దమ్మా. నేను ఛాయ్ అనుకొని ఊదుకుంట తాగిన."